మన ఊరి చిరునామా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన చర్ల చరిత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాదు, సివిల్ ఇంజనీర్ని. మా వృత్తిలో ఏ ఊరు వెళ్ళినా ముందు మ్యాపు చూస్తాం, తర్వాతే మనుషుల్ని పలకరిస్తాం. ఇవాళ కూడా అదే వరసలో చెబుతాను.

1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న కొన్ని తాలూకాలను బ్రిటిష్ వారికి ఇచ్చాడు. సిరోంచ, నూగూరు, ఆల్బాక, భద్రాచలం, రేకపల్లితో పాటు చర్ల కూడా వాటిలో ఒకటి. అంటే ఆనాడు మనది తాలూకా! సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడితే అందులో ఉన్నాం. ఆ రోజుల్లోనే గోదావరి మీద పడవలు పైదాకా నడపాలని కాటన్ దొర తలపెట్టిన పనిలో భాగంగా దుమ్ముగూడెం ఆనకట్ట వచ్చింది. 1871లో ఆ పడవల దారి పనులు ఆపేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు గోదావరి జిల్లాకు వెళ్ళిపోయాయి. మనం మాత్రం చాందా జిల్లాలో, నాగపూర్ ఏలుబడిలో మిగిలాం. 20వ శతాబ్దం మొదటి పదేళ్ళలో మనల్ని కూడా మద్రాసులో కలిపారు. తర్వాత తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా, 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరు అంగుళం కదలలేదు, చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది. ఇవాళ భద్రాచలంలో చర్ల బస్సెక్కితే దారిలో కాసేపు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళి, మళ్ళీ తెలంగాణలోకి వస్తాం.

ఇదీ మ్యాపు. ఇక మనిషి సంగతి.

ఆరో తరగతిలో నా బెంచీలో ఒక కోయ అబ్బాయి ఉండేవాడు. లోపలి గూడెం నుంచి వచ్చి హాస్టల్లో చేరాడు. తెలుగు అంతంతమాత్రం. ఒక మధ్యాహ్నం ఎండలో ఆడి వచ్చి, నన్ను చూసి "ఏరు, ఏరు" అన్నాడు. నేను తాలిపేరు వైపు చెయ్యి చూపించి "ఏరు అటుంది, పో" అన్నాను. అందరం పగలబడి నవ్వాం. వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. దాహమేసి మంచినీళ్ళు అడిగాడు వాడు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

వాడు ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. ఎందుకు మానేశావని నేను అడగలేదు.

1986 ఆగస్టు వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మా ఇల్లు ఏటి వైపే. రాత్రికి రాత్రి పిల్లాజెల్లాతో బయలుదేరి గట్టు ప్రాంతం వెతుక్కుంటూ పోయాం. మమ్మల్ని గుర్తుపట్టి పిలిచింది వాడే. మూడు రాత్రులు వాళ్ళ పాకలో ఉన్నాం. వాళ్ళమ్మ మా అమ్మకు సొరకాయ బుర్ర అందిస్తూ అన్న మాట అదే: "ఏరు." ఆ రోజు నవ్విన నేను తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, చాలా ఊళ్ళలో నీటి లెక్కలు కట్టాను. పెద్దమిడిసిలేరు దగ్గర తాలిపేరు ప్రాజెక్టు మీద నిలబడినప్పుడల్లా వాడు గుర్తొస్తాడు. దాని కాలవల వల్ల మనకు వరి పండుతోంది. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. సంతలో నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి. వచ్చినవాళ్ళందరికీ చోటిచ్చే ఊరని మనం చర్ల గురించి గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. కానీ మనలో చాలామంది కుటుంబాలకు చోటిచ్చింది అంతకు ముందే ఇక్కడున్న గూడేలవాళ్ళు. మన ఊరి స్వభావం అనేది ఏదైనా ఉంటే అది వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

ఈ సభ కోసం మన సంఘం సభ్యుల జాబితా చూశాను. వాడి పేరు లేదు. పదో తరగతి దాటినవాళ్ళ పేర్లే ఉన్నాయి. ఇది ఎవరి తప్పూ కాదు, అలా అలవాటైపోయింది. పూర్వ విద్యార్థి అంటే పదో తరగతి పాసైనవాడే కావాలా?

అందుకే రెండు విన్నపాలు. ఒకటి, బడి అడ్మిషన్ రిజిస్టర్ దగ్గర పెట్టుకుని, మధ్యలో మానేసినవాళ్ళ పేర్లు కూడా జాబితాలో చేరుద్దాం. ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరు ముందుకు వస్తే ఏడాదిలో అయిపోతుంది. రెండు, చుట్టుపక్కల గూడేలకు, వాగులకు, గుట్టలకు కోయవాళ్ళు పిలుచుకునే పేర్లు పెద్దవాళ్ళను అడిగి, తెలుగు లిపిలో రాసి, మన బడి లైబ్రరీలో ఉంచుదాం. ప్రభుత్వ మ్యాపుల్లో ఆ పేర్లు నాకు కనబడలేదు. ఆ పెద్దవాళ్ళు మనకోసం ఎన్నాళ్ళో ఆగరు.

మా బ్యాచ్ తరఫున మొదటి పేరు నేను రాస్తాను. రేపు పొద్దున్నే ఆ గూడెం వెళ్తున్నాను. ఎందుకు మానేశావని ఈసారైనా అడుగుతాను.