ఊరందరికి ఓర్పు – ఇంటివారికి విసుగు
(కుటుంబ జీవిత సదస్సులో చేసిన ప్రసంగము)

‘నేటి ఉద్యోగములు – కుటుంబ జీవితము’ అను అంశముపై మాట్లాడుమని మమ్ములను కోరినారు. ఉద్యోగములు అనేకములు. అన్నిటిని తడవబోయి ఏ ఒక్కదానిని గూర్చియు చెప్పకుండ ముగించుట కంటె, మా పాస్టరేటులో అనేక కుటుంబములు ఆధారపడియున్న ఒక్క ఉద్యోగమును గూర్చి చెప్పుట మేలని తలంచినాము. అది కంప్యూటర్ సపోర్టు ఉద్యోగము. దీనినే ఎన్నుకొనుటకు కారణము మా వలన జరిగిన ఒక పొరపాటు. ముందుగా దానిని మీ యెదుట ఒప్పుకొందుము.

మాది హైదరాబాదు పడమటి అంచున ఉన్న సంఘము. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ బండరాళ్ల నేలమీద అద్దాల మేడలు లేచినవి. కృష్ణా, గోదావరి, గుంటూరు, ఖమ్మము, నల్లగొండ ప్రాంతముల నుండి మన బిడ్డలు ఉద్యోగములకు వచ్చినారు. వారిలో ఒక యువకుడు ప్రతి ఆదివారము రెండవ వరుసలో కూర్చుండి, ప్రసంగము మొదలైన కొద్దిసేపటికే నిద్రపోవుచుండెడివాడు. మూడు వారములు చూచి ఊరకున్నాము. నాలుగవ వారము ప్రసంగము ఆపి, “కొందరికి ఇంటిలో నిద్ర చాలక మందిరమునకు వచ్చుచున్నారు” అన్నాము. సంఘము నవ్వినది. అతడు ఉలికిపడి లేచి తల వంచుకొన్నాడు. ఆ తరువాత ఆరు వారములు అతడు రాలేదు. అతని భార్యయు రాలేదు.

ఒక మంగళవారము ఉదయము పదకొండు గంటలకు వారి ఇంటికి వెళ్లినాము. తలుపుమీద ఒక చీటీ అంటించియున్నది: “బెల్లు కొట్టవద్దు. ఫోను చేయండి.” ఫోను చేయగా ఆ అమ్మాయి తలుపు మెల్లగా తీసి లోపలికి పిలిచినది. నాలుగేండ్ల పాప చాపమీద చప్పుడు లేకుండ ఆడుకొనుచున్నది. మా చేతిలోని గొడుగు జారి నేలమీద పడగా ఆ పాప తన పెదవులమీద వేలు పెట్టుకొని, “ష్... నాన్న!” అన్నది. ఆ ఇంటిలో మధ్యాహ్నము వరకు కుక్కరు పెట్టరు. ఈల వేస్తే అతనికి మెలకువ వచ్చునని గిన్నెలో అన్నము వండి గంజి వార్చుచున్నారు. పల్లె నుండి వచ్చిన అతని తల్లి ఒక మూల కూర్చుండి గొంతు తగ్గించి, “ఏం చెప్పేది అయ్యగారూ! మగపిల్లాడు పట్టపగలు పడుకుంటాడు. ఊళ్లోవాళ్లు అడిగితే సిగ్గుగా ఉంటుంది” అన్నది.

అప్పుడు భార్య చెప్పినది: “అయ్యగారూ, ఆరోజు ఆయన నిద్రపోయింది నిజమే. శనివారం రాత్రి డ్యూటీ. ఆదివారం పొద్దున ఆరున్నరకు క్యాబు దింపింది. పడుకుంటే మళ్లీ లేవలేనేమోనని, పడుకోకుండానే స్నానం చేసి గుడికి వచ్చాడు.”

సహోదరులారా, నిద్ర మానుకొని ఆరాధనకు వచ్చిన మనిషిని, నిద్రపోయినాడని సంఘము నడుమ నవ్వులపాలు చేసినాము. ఆ ఇంట మంచినీళ్లు త్రాగి, ఏమియు మాట్లాడలేక తిరిగి వచ్చినాము. అతని వారపు సెలవునాడు మరల వెళ్లి క్షమాపణ చెప్పుకొని, అతని పని ఎట్టిదో అడిగి తెలిసికొన్నాము. ఇప్పుడు చెప్పబోవు సంగతులు ఆ దంపతుల అనుమతితోనే చెప్పుచున్నాము.

అతడు మాట్లాడునది అమెరికా తూర్పు తీరమువారితో. వేసవిలో వారికిని మనకును తొమ్మిదిన్నర గంటల తేడా. చలికాలములో పదిన్నర గంటలు. వేసవిలో వారికి ఉదయము 9 గంటలగునప్పటికి మనకు సాయంత్రము 6.30. వారు మార్చి నెల రెండవ ఆదివారమున గడియారమును ఒక గంట ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున ఒక గంట వెనుకకు త్రిప్పుకొందురు. వారు అక్కడ గడియారము త్రిప్పితే ఇక్కడ మన ఇంటిలో భోజనపు వేళ, నిద్ర వేళ, బిడ్డను బడికి పంపు వేళ అన్నియు మారవలసినదే. శని ఆదివారములలోను రాత్రులలోను యంత్రములు ఆగవు గనుక ఆ దినములకు వంతులు వేసికొందురు.

ఇక పని సంగతి. ఎక్కడనో ఒకరి కంప్యూటరు తెరుచుకొనదు. పాస్‌వర్డ్ మరచిపోవుదురు. ప్రింటరు పని చేయదు. వారు ఫోను చేయగానే ఒక టికెట్ నమోదగును. ఆ క్షణము నుండి గడియారము పరుగెత్తును. ఇంత సమయములో జవాబు, ఇంత సమయములో పరిష్కారము అని ముందే ఒప్పందము వ్రాసియుందురు. మాటలన్నియు రికార్డు అగును. చివర ఫోను చేసినవారు మార్కులు వేయుదురు. తీగ ఊడియున్నదని చెప్పినందుకే కోపపడి తక్కువ మార్కులు వేయువారును ఉన్నారు. “ఆఫ్ చేసి మరల ఆన్ చేయండి” అంటే, “నన్ను తెలివిలేనివాడనుకొన్నావా?” అని కేకలు వేయుదురు. యాస విని, “మీ దేశమువాడు వద్దు, ఇంకొకరికి ఇయ్యి” అనువారును ఉన్నారు. ఈ మధ్య సులభమైన ప్రశ్నలకు యంత్రమే జవాబు చెప్పుచున్నది. యంత్రముతో వేగి విసిగినవారే మనిషి యొద్దకు వచ్చుచున్నారు. ఎవరేమన్నను ఇతడు మాత్రము, “మీ ఇబ్బంది నాకు అర్థమైనది” అని మెత్తని గొంతుతో అనవలసినదే.

2024 జూలై 19, శుక్రవారము మీలో అనేకులకు జ్ఞాపకముండవచ్చును. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపమున్న అప్‌డేట్ వలన ప్రపంచమంతట దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి నిలిచిపోయినవి. మన విమానాశ్రయములలో సహితము బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చినారు. కంప్యూటరే తెరుచుకొననందున చాలవాటిని ఒక్కొక్కటిగా, మనిషి చేతితో బాగుచేయవలసి వచ్చినది. ఆ రాత్రి ఇతడు తల్లిని కంటి ఆపరేషనుకు ఊరికి తీసికొనిపోవలసియుండెను. బస్సు టిక్కెట్లు కొన్నారు, సంచులు సర్దుకొన్నారు. నైటు డ్యూటీ చేసి ఉదయము ఇల్లు చేరిన మనిషికి మధ్యాహ్నమే పిలుపు వచ్చినది. చివరకు భార్య తన ఉద్యోగమునకు సెలవు పెట్టి, పాపను చంకనెత్తుకొని, అత్తగారిని తానే తీసికొనిపోయినది. ఆ తల్లి, “ఎక్కడో దేశంలో మిషన్లు చెడిపోతే నా కొడుకెందుకయ్యా ఆగిపోవాలి?” అని అడిగినది. దానికి మేమును జవాబు చెప్పలేకపోయినాము.

అయితే అతని ఇంటిని బాధపెట్టినది ఆ ఒక్క దినము కాదు, ప్రతి దినము జరుగు చిన్న సంగతి. రాత్రియంతయు కోపము మ్రింగినవాడు ఇంటికి వచ్చి దానిని ఎక్కడ విడుచును? పాప పాలు ఒలకబోసినందుకు అరచినాడు. తల్లి టీవీ రిమోటు పని చేయుటలేదని రెండవసారి అడిగినందుకు విసిరికొట్టినాడు. తరువాత సిగ్గుపడి, ఇక అరవనని నిశ్చయించుకొన్నాడు. ఒక ఉదయము భార్య, “గ్యాసు అయిపోయింది, బడి ఫీజు కట్టాలి, మీరు నాలుగు రోజుల నుండి నాతో మాటే మాట్లాడలేదు” అని ఒకదాని వెంట ఒకటి చెప్పుచుండగా అతడు మెత్తని గొంతుతో, “నీ ఇబ్బంది నాకు అర్థమైనది” అన్నాడు. ఆమె ఏడ్చినది. “ఆ గొంతు ఫోను చేసేవాళ్లది. అరిచినా సరే, నాతో మీ గొంతుతో మాట్లాడండి” అన్నది.

ఈ మాట విని ఇంటికి వచ్చి మా అమ్మగారికి చెప్పినాము. ఆమె కూర తరుగుచు, తల ఎత్తకుండనే, “సంఘంలో ఎవరు ఫోను చేసినా ‘చెప్పండమ్మా’ అంటారు. నేను పిలిస్తే ‘ఏమిటీ’ అంటారు. మీరూ అదే ఉద్యోగం కదా” అన్నది. ఇరువది సంవత్సరములుగా గురుత్వములో ఉన్నవారము. ఆ దినము వరకు ఈ సంగతి మాకు తోచలేదు. వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, బ్యాంకులో కౌంటరు ముందు కూర్చుండువారు, అందరి బాధలు వినువారందరిదియు ఇదే కథ.

ఈ కథ మనకు క్రొత్త కాదు. నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయమును ఇంటికి వెళ్లి చదువుకొనుడి. మోషే మామయైన యిత్రో, సిప్పోరాను ఆమె ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని అరణ్యములోనికి వచ్చును. మోషే ఎదురువెళ్లి మామకు నమస్కరించి ముద్దుపెట్టుకొన్నట్టు ఉన్నది. భార్యబిడ్డలతో ఏమి మాట్లాడినాడో లేదు. మరునాడే అతడు ఉదయము నుండి సాయంత్రము వరకు ప్రజల తగవులు తీర్చుటకు కూర్చుండెను. ఆ అధ్యాయములో సిప్పోరా పలికిన మాట ఒక్కటియు వ్రాయబడలేదు. చూచినవాడు మామ. ఈ పద్ధతి మంచిది కాదని, నీవును ప్రజలును నలిగిపోవుదురని హెచ్చరించి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధికారులను నియమించుమని, చిన్న సంగతులు వారే తీర్చి కఠినమైనవి మాత్రము నీ యొద్దకు తేవలెనని చెప్పినాడు. నేటి సపోర్టు ఆఫీసులలోను మొదటి అంచె, రెండవ అంచె, మూడవ అంచె అని ఇదే ఏర్పాటు. ఆఫీసు ఈ పాఠము నేర్చుకొన్నది. మన ఇండ్లే నేర్చుకొనలేదు.

గనుక కొన్ని ఆచరణలో పెట్టదగిన మాటలు చెప్పుదుము. వీటిని ఆ దంపతులే మాకు నేర్పినారు.

ఆ పనిలో ఒకరు దిగి ఒకరు ఎక్కునప్పుడు మిగిలిన సంగతులన్నియు వ్రాసి అప్పగింతురు. ఇప్పుడు వారి వంటగదిలో ఒక నోటు పుస్తకము వ్రేలాడుచున్నది. గ్యాసు, ఫీజు, మందులు, కరెంటు బిల్లు అన్నియు అందులో వ్రాయబడును. గుమ్మములో అడుగుపెట్టగానే చెప్పరు. అతడు కాళ్లు కడుగుకొని, కాఫీ త్రాగి, అరగంట పాపతో కూర్చుండిన తరువాత ఆ పుస్తకము తానే తీసి చూచుకొనును. ఆ అరగంట అతని సెల్‌ఫోను బీరువామీద ఉండును. నాలుగు దినములైనను ఒకడు ఆ పుస్తకము తెరువనిచో, తప్పు ఉద్యోగముది కాదు, వానిదే.

రెండవది, చేతగానిది చేతగాదని చెప్పుట. కఠినమైన టికెట్‌ను పై అంచెకు పంపుట ఆఫీసులో అవమానము కాదు. ఇంటిలో మాత్రము, “నాకు బరువుగా ఉన్నది, కొంచెము పట్టుకో” అని భార్యతో అనుటకు మగవానికి నామోషీ. ఈ పని చేయు సహోదరీలును మా సంఘములో ఉన్నారు. వారికి హెడ్‌సెట్ తీసిన తరువాత వంటింటి షిఫ్టు మొదలగును. వారి భర్తలు ఈ మాట రెండు మారులు వినవలెను.

మూడవది మన సంఘములకు. ఆరాధన ముగియగానే ఈ బిడ్డల చుట్టు మూగి, “బాబూ, నా ఫోనులో వాట్సాప్ రావడం లేదు చూడు” అనకుడి. ఆ యువకుడే 2020 నుండి మా ఆన్‌లైను ఆరాధన నడిపినాడు. మైకు గురగురలాడితే అతడే, వై-ఫై పోతే అతడే. వారమంతయు చేసిన పనినే విశ్రాంతి దినమునను మేము చేయించినాము. అలసి కునుకు తీస్తే ఎగతాళి చేసినాము. ఇప్పుడు నలుగురు పిల్లలకు ఆ పని నేర్పించి వంతులు వేసినాము.

శతవార్షికోత్సవ సంవత్సరమున ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. వెనుకటి దినములలో మన పల్లె సంఘములు రాత్రివేళ కూడుకొనెడివని పెద్దలు చెప్పగా విన్నాము. కూలికి పోయినవారు పొలము నుండి వచ్చి, గంజి త్రాగి, లాంతరు వెలుగులో కూర్చుండెడివారు. ఉపదేశి వారి వేళకు తానే వెళ్లెడివాడు. కోత కూలివారి కొరకు ఆనాడు గంట మార్చి కొట్టిన సంఘము, రాత్రి కూలివారి కొరకు నేడు మార్చలేదా? మా సెషన్‌లో ఈ ప్రశ్న పెట్టగా పెద్దలు మొదట సందేహించినారు, తరువాత ఒప్పుకొన్నారు.

ఇప్పుడు మా మందిరములో ఆదివారము సాయంత్రము నాలుగున్నర గంటలకు రెండవ ఆరాధన జరుగుచున్నది. నిద్ర లేచి, డ్యూటీకి పోకముందు వచ్చువారి కొరకు అది. ముప్పదిమంది మించరు. మొదటి సాయంత్రమున, ఆనాడు ఎక్కడ నిలిచి నవ్వించినామో అక్కడనే నిలిచి, అతని యెదుట, అతని భార్య యెదుట, మా తప్పు ఒప్పుకొన్నాము. అతడు ఇప్పటికిని రెండవ వరుసలోనే కూర్చుండుచున్నాడు. పాప ప్రక్కననే ఉండును, చప్పుడు చేయుచునే ఉండును. కొన్ని వారములలో అతనికి ఇంకను కునుకు పట్టుచున్నది. అప్పుడు మేము గొంతు కొంచెము తగ్గించి ప్రసంగించుచున్నాము.