చెరువు డబ్బుకు కట్టుబాట్లు

ఈ పూట చెరువు సంగతి మాట్లాడుకుందాం.

మన దివిసీమలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే. అందుకే కాలవ వదిలినప్పుడు చెరువు నింపుకుంటాం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. చెరువులూ బావులూ ఉప్పుమయం అయ్యాయి. నేను అప్పటికి పుట్టలేదు. మా నాయనమ్మ చెబితే విన్నాను.

చెరువు బాగుచెయ్యాలంటే డబ్బు కావాలి. దాన్ని ఎక్కడ, ఎలా ఖర్చుపెట్టాలో ఎవరు చెప్పాలి?

1997లో జన్మభూమి మొదలయింది. ఊరివాళ్లు కూర్చుని పని ఎంచుకోవాల్సి ఉండేది. ఖర్చులో కొంత వాటా తామే వేసుకోవాల్సి ఉండేది. మిగతాది సర్కారు ఇచ్చేది. వాటా డబ్బుగానే కాదు, ఒంటికష్టంగానూ ఇచ్చే వీలుండేది. ఈ కట్టుబాటు నాకు నచ్చింది. నాట్లకు పోయే మనిషి రొక్కం ఎక్కడ తెస్తుంది? ఒకపూట మట్టి మోస్తే ఆమే వాటాదారు.

కానీ మట్టి మోసేది మనం, పని ఎంచేది వాళ్లూ అయితే ఏం లాభం? 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో ఉన్నట్టే. పిలుపు కోసం చూడకండి, వెళ్లండి.

చెరువు కమిటీ వేసే రోజున గట్టిగా అడగండి. ముందు ఏ గట్టు? పెద్దవీధి రేవా, పేట వైపు కూలిన రేవా? బ్యాంకులో డబ్బు తీయాలంటే రెండు సంతకాలు ఉండాలనండి. ఒకటి ఆడమనిషిది కావాలనండి. వేలిముద్ర కాదు, సంతకం.

పని అయ్యాక ఖర్చుల చిట్టా సభలో పైకి చదవాలి. ఎవరూ చదవకపోతే, "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అనండి. మొదట తడబడతారు. ఫరవాలేదు. అంకెలు మాత్రం నెమ్మదిగా చదవండి.