కుండీలో పాషన్ ఫ్రూట్ తీగ: పూసిన పువ్వు కాయ కావాలంటే



ఈవేళ పొలంలో పంట సంగతి కాదు, పెరట్లో కుండీలో పెంచుకునే ఒక తీగ గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. దాన్ని పాషన్ ఫ్రూట్ అంటారు. కృష్ణఫలం అనే పేరు కూడా వాడుకలో ఉంది. మన ఊళ్లలో కంచెల మీద దానంతట అదే అల్లుకునే జుమికి తీగ మీకు తెలుసు. వలలాంటి పొరలో గోలీకాయంత పండు కాస్తుంది, పశువులు కాసే పిల్లలు కోసుకు తింటారు. ఆ జుమికికి ఇది దగ్గర చుట్టం. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పండు నిమ్మకాయ కంటె పెద్దది. పైన గట్టి పెంకు, లోపల పులుపు మీద ఉండే పచ్చని గుజ్జు, నల్ల గింజలు. ఆ గుజ్జులో పంచదార, నీళ్లు కలిపితే మంచి షర్బత్ అవుతుంది.

సెంటు భూమి లేనివారు కూడా దీన్ని పెంచుకోవచ్చు. అయితే ఇందులో ఒక కిటుకు ఉంది. అది తెలియక నేనే ఒకసారి తప్పు చేశాను. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

నేను పనిచేసే చోట పెరట్లో ఒక పచ్చకాయ రకం తీగ ఉండేది. బాగా అల్లుకుంది కదా అని దాని కొమ్మలు ముక్కలు కోసి, వేళ్లు తెప్పించి, ఒక ఊళ్లో పన్నెండు ఇళ్లకు పంచాను. ఏడాది తిరక్కుండా పన్నెండు ఇళ్లలోనూ పందిరి నిండా పూలు. ఒక్క ఇంట్లో కూడా కాయ లేదు. కౌలు చేసుకునే ఒకాయన ఇల్లాలు, గేదె పాలు అమ్మిన డబ్బుతో తొట్టి కొని, వెదుళ్లు కొని పందిరి వేయించింది. ఆవిడ అడిగితే, "బలం చాలలేదమ్మా, ఇంకో తట్ట ఎరువు వెయ్యి" అన్నాను. వేసింది. ఆకు రెట్టింపయింది, కాయ మాత్రం పడలేదు. ఆ ఇంటి మామ్మగారు నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మెల్లగా అన్నారు: "బాబూ, నీ తీగ పువ్వులకు బాగుంది. రేపు నువ్వు వరి విత్తనం గురించి చెబితే మావాళ్లు వింటారా అని నా దిగులు."

ఆ మాట నాకు తగిలింది. అప్పుడు మా శాఖలో పెద్దవారిని అడిగి, పువ్వును చేతిలో పట్టుకుని చూసి నేర్చుకున్నాను.

ఈ జాతి పువ్వును మనవాళ్లు కౌరవ పాండవుల పువ్వు అంటారు. చుట్టూ ఉన్న సన్నని పోగులు నూరుగురు కౌరవులు. మధ్యలో అయిదు పాండవులు. వాటిపైన మూడు త్రిమూర్తులు. పోలిక సరదాకే అయినా మనకు పనికి వస్తుంది. ఆ అయిదూ మగ భాగాలు, పుప్పొడి ఉండేది వాటి మీదే. ఆ మూడూ ఆడ భాగాలు. పుప్పొడి వాటి కొనల మీద పడితేనే కాయ.

పచ్చకాయ రకంలో తన పుప్పొడి తనకు పనికి రాదు. వేరే తీగ పుప్పొడి కావాలి. వేరే తీగ అంటే వేరే కుండీలోది అని కాదు సుమండీ. ఒకే తల్లి తీగ నుంచి కోసిన కొమ్మలు పన్నెండు కుండీల్లో పెట్టినా అవన్నీ ఒకే తీగ కింద లెక్క. నేను చేసిన తప్పు అదే.

అంచేత, సోదరులారా, కనీసం రెండు తీగలు వేయండి. ఆ రెండూ వేరువేరు తల్లులవి కావాలి. విత్తనంతో పెంచదలిస్తే రెండు మూడు చోట్ల నుంచి పండ్లు తెచ్చుకోండి. గుజ్జు కడిగి, గింజలు తాజాగా ఉండగానే నాటండి. నిలవ ఉంచితే మొలక తగ్గిపోతుంది.

రకం సంగతి కూడా చూసుకోవాలి. ఊదారంగు కాయ రకం చల్లని కొండ ప్రాంతాలది. అది తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అరకు వైపు వారు వేసుకోవచ్చు. మైదానాల్లో మనకు తగినది పచ్చకాయ రకమే. ఈ రెంటినీ కలిపి కొడగు జిల్లా చెట్టళ్లిలోని ఉద్యాన ప్రయోగ కేంద్రంలో కావేరి అనే సంకర రకం తయారుచేశారు. అందం కోసం అమ్మే కృష్ణకమలం తీగ వేరు. దాన్ని కొని ఈ పండు కోసం ఎదురుచూడకండి.

ఇక కుండీ. చిన్న పూలకుండీ చాలదు. రెండు వందల లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు మంచి కుండీలవుతాయి. రసాయనాలు, పురుగుమందు ఉన్న డ్రమ్ము మాత్రం వద్దు. అడుగున వేలు పట్టేంత బెజ్జాలు అయిదారు పెట్టి, ఇటుకల మీద నిలబెట్టండి. బెజ్జాల మీద పెంకు ముక్కలు పరిచి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేపపిండి కలిపి నింపండి. కుండీకి ఒక్క మొక్క చాలు. తొలకరిలో నాటడం మంచిది.

దీని వేళ్లు పైపైనే ఉంటాయి. అందువల్ల కుండీ ఎండిపోకూడదు, నీరు నిలవనూ కూడదు. ఎండాకాలంలో రోజూ తడపాలి. వానాకాలంలో వేలు గుచ్చి చూసి, తడి లేకపోతేనే పోయండి. నీరు నిలిస్తే మొదలు కుళ్లి తీగ చస్తుంది. మొదట్లో నెలకు రెండు గుప్పిళ్ల చివికిన ఎరువు చాలు. యూరియా ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు రాదు.

పందిరి ఆరడుగుల ఎత్తున వేయండి. ఒక్క కాడనే పైకి పోనిచ్చి, కింద వచ్చే పక్క కొమ్మలు తీసేయండి. పందిరి అందుకోగానే కొన తుంచితే నాలుగు వైపులా పాకుతుంది. పువ్వు వచ్చేది కొత్త కొమ్మకే. కాపు అయ్యాక పాత కొమ్మలు కత్తిరించాలి.

పచ్చకాయ రకం పువ్వు మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికి ముడుచుకుంటుంది. పెద్ద నల్ల తుమ్మెద దీనికి సరైన పెళ్లిపెద్ద. ఎండు వెదురుకు, దూలానికి బెజ్జం చేసుకుని కాపురముండేది అదే. దాన్ని కొట్టకండి. పందిరి దగ్గర రెండు ఎండు కొయ్యలు ఉంచండి. తుమ్మెదలు రాకపోతే ఆ పని మనమే చేయాలి. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఒక తీగ పుప్పొడి వేలికి అద్దుకుని, రెండో తీగ పువ్వులో ఆ మూడు కొనలకూ రాయండి. రెండో దాని పుప్పొడి మొదటి దానికి. కొనలు కిందికి వంగిన పువ్వునే ఎంచుకోండి. నిటారుగా నిలిచినవి కాయవు. పుప్పొడి వానకు తడిస్తే ఆ రోజుకు ఆశ వదులుకోవాలి.

ఎర్రని ముళ్ల గొంగళిపురుగులు ఆకు తింటాయి. చేత్తో ఏరి పారేస్తే చాలు. పూలున్నప్పుడు మందు కొడితే తుమ్మెదలు చస్తాయి.

కాయ పండడానికి రెండు రెండున్నర నెలలు పడుతుంది. కోయనక్కరలేదు, పండి పసుపు తిరిగి అదే రాలుతుంది. కింద గోనెపట్టా పరిచి రోజూ ఏరుకోండి. పచ్చికాయలు తినకూడదు. తీగను మేకలకు, పశువులకు అందనివ్వకూడదు. ఆకులో, పచ్చికాయలో విషగుణం ఉంది.

తరువాత నేను వేరే చోటి పండ్లు తెచ్చి, మొక్కలు పెంచి, ఆ పన్నెండు ఇళ్లకూ మళ్లీ ఒక్కొక్కటి ఇచ్చాను. "మొదటిసారి పొరపాటు నాదే" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. ఆ పై ఏడు ఆ ఇల్లాలు షర్బత్ గ్లాసు చేతికిచ్చింది. మామ్మగారు మాత్రం, "వరి విత్తనం సంగతి ఇప్పుడు చెప్పు బాబూ" అన్నారు.

నాతోపాటు ఊళ్లు తిరిగే సోదర ఉద్యోగులకు ఒక్క మనవి. ఒక మొక్క ఇచ్చేటప్పుడు దాని తల్లి ఎవరో అడిగి తెలుసుకుని ఇవ్వండి. తెలియకపోతే, తెలుసుకుని వస్తానని చెప్పండి. రైతు ఆ మాటకు కోపగించడు.

ఇక సెలవు. నమస్కారం.