మన చర్మం చేసే పని

(మండల సమాఖ్య మహాజన సభలో ఆరోగ్య సబ్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

మేము గ్రామ సంఘాల మీటింగులకు వెళ్ళినప్పుడు చర్మం గురించి ఎక్కువగా వినే ప్రశ్న ఒకటే: "తెల్లబడాలంటే ఏం రాసుకోవాలి?" పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట ఇంకా ఎక్కువ. అందుకని అసలు చర్మం మనకు ఏం చేసిపెడుతుందో ఈ రోజు చెప్పుకుందాం.

మన ఒంట్లో అన్నిటికన్నా పెద్ద అవయవం చర్మమే. పెద్దవాళ్ళకు కొలిస్తే 1.5 నుంచి 2 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఇంచుమించు ఒక మనిషి పడుకునే మంచమంత.

పై పొరను బాహ్యచర్మం అంటారు. దీని అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, చివరికి పొలుసులై రాలిపోతాయి. సుమారు నెల రోజుల్లో ఈ పొర కొత్తదవుతుంది. బయటి క్రిములను లోపలికి రానివ్వదు, ఒంట్లోని నీటిని ఊరికే బయటికి పోనివ్వదు. ఒళ్ళు బాగా కాలినవాళ్ళకు నీరు పోయి, చీము పట్టి ప్రాణం మీదికి వచ్చేది ఈ గోడ పడిపోవడం వల్లే.

రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేదీ ఈ పొరలోనే. దాన్ని తయారుచేసే కణాలు నల్లగా ఉన్నవాళ్ళకూ, తెల్లగా ఉన్నవాళ్ళకూ దాదాపు అన్నే ఉంటాయి. అవి చేసే మెలనిన్‌లోనే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలికి దిగకుండా మెలనిన్ చాలావరకు ఆపుతుంది. నాట్లకూ, కలుపుకూ, ఉపాధి పనికీ పోయే మనకు అది గొడుగులాంటిది.

దాని కింద అంతశ్చర్మం ఉంటుంది. రక్తనాళాలు, వెంట్రుకల కుదుళ్ళు, నరాల కొసలు, చెమట గ్రంథులు ఇందులో ఉంటాయి. చెమట గ్రంథులే 20 నుంచి 40 లక్షలు. కుండ చెమర్చి నీళ్ళు చల్లబడ్డట్టే, చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. అన్నిటికన్నా కింద కొవ్వు పొర. అది దెబ్బలకు మెత్త, చలికి దుప్పటి.

ఇప్పుడు క్రీముల సంగతికి వద్దాం. మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని ట్యూబుల్లో బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్లు ఉంటాయి. జబ్బుకు డాక్టరు కొన్నాళ్ళు రాయమంటే అవి మందు. తెలుపు కోసం నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానగానే మొహం మండుతుంది, దాంతో మళ్ళీ రాస్తాం. తామర మీద రాస్తే దురద తగ్గినట్టే ఉండి, లోలోపల తామర ఇంకా పాకుతుంది. ఊరూ పేరూ లేని కొన్ని క్రీముల్లో పాదరసం కూడా ఉంటుంది. అది కిడ్నీలను పాడుచేస్తుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు భయపడకండి, ఆ ట్యూబు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంకో ముఖ్యమైన మాట. పెనం తగలగానే చెయ్యి వెనక్కి వస్తుందంటే నరాలు కబురు పంపాయన్నమాట. ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రని మచ్చో ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. నొప్పి ఉండదు, దురద ఉండదు, కాబట్టి పట్టించుకోం. వీపు మీదో తొడ మీదో ఉంటే సిగ్గుపడి చెప్పుకోం. ఇది శాపం కాదమ్మా, క్రిమి వల్ల వచ్చే జబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎండీటీ మందులు ఉచితంగా ఇస్తారు. రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తేనే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్ళు వంకరపోతాయి.

సభ్యులందరినీ మేము కోరేది మూడు పనులు. డాక్టరు చీటీ లేకుండా మొహానికి ఏ మందు ట్యూబూ కొనవద్దు. ఇంట్లో ఒకరి వీపు ఒకరు చూసుకుని, స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఆశా కార్యకర్తకు చెప్పండి. మీ సంఘంలో ఎవరికైనా ఆ జబ్బు ఉందని తెలిస్తే మీటింగులో మన పక్కనే కూర్చోబెట్టుకుందాం, మందు ఆగకుండా చూసుకుందాం. ఇక పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు రంగు గురించి మాట్లాడితే, మన పిల్ల చదువు గురించీ పని గురించీ మనమే ముందు చెబుదాం.