మాటకు వాహనము

1946లో వెలసిన అనంతపురము ఇంజనీరింగు కళాశాల విద్యార్థియైనను మొదట అడుగవలసిన ప్రశ్న యిది: మాటను ఉన్నదున్నట్లు ఆకాశమున పంపరాదా?

సెకనుకు 1000 కంపనములు గల ధ్వనిని విద్యుత్తరంగముగ మార్చినచో దాని పొడవు 300 కిలోమీటర్లు. అందు నాల్గవ వంతు, అనగా 75 కిలోమీటర్ల స్తంభము నెవరు నిలుపగలరు? కావున మాటను వడిగా కంపించు వాహక తరంగముపై ఎక్కింతురు. ఇదియే మాడ్యులేషను. 1963లో వెలసిన కడప కేంద్రమువలె సెకనుకు 9 లక్షల కంపనముల తరంగమును వాడినచో, అదే లెక్కకు 83 మీటర్ల స్తంభము చాలును.

అచ్చట మాటననుసరించి మారునది తరంగపు ఎత్తు. మెరుపు ఆ ఎత్తును చెరచి రేడియోలో చిటపటలు పుట్టించును. 1933లో ఆర్మ్‌స్ట్రాంగు పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతిలో కంపన సంఖ్యయే మారును గనుక ఆ రొద చాలవరకు అణగును.

ఇంజనీరునకది రొదయే. వేరుసెనగ విత్తి నింగివంక చూచు మన రైతునకో, ఎచ్చటనో మేఘము ఉరుముచున్నదను కబురు. ఏది సంకేతము, ఏది రొద యనునది వినువాని అవసరమే నిర్ణయించును.