ప్రమాణం ప్రశ్నలో కనబడాలి
(తల్లాడ ఉపాధ్యాయ సదస్సులో అధ్యక్షోపన్యాసం)

ఖమ్మం, కొత్తగూడెం, సత్తుపల్లి దారులు కలిసే ఈ తల్లాడకు వైరా, కల్లూరు, ఏన్కూరు, జూలూరుపాడు నుంచి సెలవు రోజని కూడా చూడకుండా వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు స్వాగతం. అధ్యక్షుడి మాట పొడుగైతే వక్తలకు సమయం చాలదు. అందుకని ఒక్క విషయమే చెబుతాను.

పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే విద్యా ప్రమాణాలు మనకు కొత్త కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక పరిధిపత్రం తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలతోనే మన చేతికి అందాయి. గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం... నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాం. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (నిర్మాణాత్మక మూల్యాంకనాలు), రెండు ఎస్‌ఏలు (సంగ్రహణాత్మక మూల్యాంకనాలు) పెడుతున్నాం. రిజిస్టర్లో గడులు నిండుతున్నాయి. కానీ ఆ గడి మీది ప్రమాణం పేరుకూ అందులోని మార్కుకూ సంబంధం ఉందా?

ఒక లఘు పరీక్ష ప్రశ్న చూడండి. ‘3/4, 5/8లలో ఏది పెద్దది?’ పక్కన ‘కారణాలు చెప్పడం’ అని రాసి ఉంటుంది. కారణం అడగనే లేదు! గుడ్డిగా ఒకటి రాసినా సగం సార్లు మార్కు పడుతుంది. అదే ప్రశ్నను ఇలా అడుగుదాం: ‘5, 8 రెండూ 3, 4 కంటే పెద్దవి కాబట్టి 5/8 పెద్దదని రవి అన్నాడు. ఒప్పుకుంటావా? ఎందుకు?’ ఇప్పుడు ఒక పాప 3/4ను 6/8గా మార్చి చూపిస్తుంది. ఇంకొకడు సమానమైన రెండు పట్టీలు గీసి రంగులేస్తాడు, ఒక్క ముక్క రాయడు. మూడోవాడు ‘రవి చెప్పింది తప్పు’ అని ఊరుకుంటాడు. నాలుగు మార్కుల్లో ఎవరికెన్ని? బొమ్మకు నాలుగూ వేస్తానని ఒకరు, రెండు చాలని ఇంకొకరు అంటారు. ఆ వాదన జరగాలి. బొమ్మ కారణంగా చెల్లుతుందా లేదా అన్నది మనలో మనం తేల్చుకున్నప్పుడే ప్రమాణం మనదవుతుంది. ఒంటరిగా కూర్చుంటే తేలేది కాదది.

ఏన్కూరు, జూలూరుపాడు వైపు బళ్లలో ఈ చర్చ మరీ అవసరం. ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్ల పట్టీలు సరిగ్గా గీసి, తెలుగు వాక్యం దగ్గర తడబడితే గణితంలో మార్కు కోస్తున్నాం. అక్కడ కొలిచింది తెలుగును. తెలుగు పరీక్షలోనేమో గైడులోని జవాబును పొల్లుపోకుండా దింపితే ‘స్వీయరచన’కు నిండు మార్కులు. అక్కడ కొలిచింది జ్ఞాపకశక్తిని.

పదో తరగతిలో 20 అంతర్గత మార్కులను ఎత్తేస్తామని 2024 నవంబరులో ప్రభుత్వం ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. దాన్నిబట్టి మనం వేసే మార్కు మీద నమ్మకం సన్నగిల్లిందని నాకు అర్థమైంది. ఆ నమ్మకం ఉత్తర్వులతో తిరిగి రాదు. నా తరగతి జవాబుపత్రాన్ని పక్క ఊరి టీచరు దిద్దినా ఇంచుమించు అదే మార్కు పడితే వస్తుంది.

కలిసి కూర్చోవడం మనకు తెలియని పని కాదు. ఇరుగుపొరుగు బళ్లు సముదాయాలుగా (స్కూల్ కాంప్లెక్సులుగా) పనిచేయాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) రోజుల్లో ఉపాధ్యాయ కేంద్రాలు నడిచాయి. 2022లో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, మరుసటి ఏడాది ఆ పై తరగతులకు ఉన్నతి కార్యక్రమాలు వచ్చాయి. అయినా కాంప్లెక్స్ మీటింగుల్లో సర్క్యులర్లు చదవడానికి, వివరాలు నింపడానికే పొద్దు చాలడం లేదు. అదే జపాన్‌లోనైతే టీచర్లు ఒక పాఠాన్ని కలిసి తయారుచేసుకుంటారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లలను గమనించి, తర్వాత చర్చిస్తారు. వాళ్లకది వందేళ్లు దాటిన అలవాటు.

నా ప్రతిపాదన చిన్నది. ప్రతి కాంప్లెక్స్ మీటింగులో ఒక గంట, ఒక ప్రశ్న, పేర్లు దాచిన ఆరు జవాబుపత్రాలు. ముందు ఎవరికి వారు దిద్దాలి. మార్కులన్నీ బోర్డు మీద రాయాలి. ఎక్కువ తేడా వచ్చిన పత్రం దగ్గర ఆగి తేల్చుకోవాలి. లేచే ముందు రెండు సంగతులు రాసుకోవాలి: ప్రశ్నలో ఏం మార్చాలి, రేపు తరగతిలో ఏం మళ్లీ చెప్పాలి. దీనికి నిధులు అక్కర్లేదు. ఆ గంటకు ఏదీ అడ్డం రాకుండా ప్రధానోపాధ్యాయులు చూస్తే చాలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ పనే చేసి చూద్దాం. మీ లఘు పరీక్ష పత్రాలు సిద్ధంగా పెట్టుకోండి. ఇక గణిత బోధనపై పత్రం సమర్పించే మిత్రులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.