బంతియాటకు ధర్మకర్త యెవరు?



ఊరి దేవాలయమునకు ధర్మకర్త యుండును. మాన్యముల యజమాయిషీ యతనిదే. దేవుడు మాత్ర మతని సొత్తు కాడు. ఇంగ్లండు దేశమున ఫుట్‌బాలు సంఘముల విషయమున నీ భేదమే పెద్ద తగవైనది. బంతిని కాలితో తన్ను నాటకు ఇంత ధర్మవిచార మేల యని మీరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వితిని.

1888లో పండ్రెండు సంఘములు చేరి లీగు అను కూటమి నేర్పరచుకొన్నవి. అందు సగము లాంకషైరు మండలములోని పట్టణములవి. బలిసిన సంఘము బక్క సంఘమును మ్రింగకుండ పూర్వము కొన్ని కట్టుబాట్లుండెడివి. ఆటగాని జీతమునకు మితి యుండెడిది. 1961లో రద్దగు నాటికది వారమునకు 20 పౌనులు. ప్రేక్షకులిచ్చు రుసుములో అతిథిజట్టునకును భాగము ముట్టెడిది. 1983లో నదియు నిలిచెను. 1992లో పైశ్రేణి సంఘములు విడివడి ప్రీమియర్ లీగును స్థాపించుకొని, టెలివిజను సొమ్ము తామే పంచుకొనసాగినవి. అంతట పరదేశ ధనికుల చూపు అటు మరలెను. 2003లో రష్యాకు చెందిన అబ్రమోవిచ్ చెల్సీ సంఘమును, 2008లో అబూధాబీ రాజకుటుంబీకుడగు షేక్ మన్సూర్ మాంచెస్టరు సిటీని కొనిరి.

బ్లాక్‌బర్ను కథ మనకు కొంత దగ్గరిది గావున నిదానముగా చెప్పెదను. అది నూలుమిల్లుల పట్టణము. అచటి సంఘము 1875లో పుట్టినది. ఆ యూరివాడే యగు జాక్ వాకరు ఉక్కు వర్తకమున గడించి, 1991లో సంఘమును చేపట్టి ధనము కుమ్మరించెను. 1914 పిమ్మట 81 ఏండ్లకు, 1995లో, వారు లీగు విజేతలైరి. 2000లో వాకరు గతించెను. 2010లో దానిని వెంకీస్ వారు 2 కోట్ల 30 లక్షల పౌనులకు కొనిరి. 1971లో హైదరాబాదున బండా వాసుదేవరావుగారు నెలకొల్పి, పుణే కేంద్రముగా పెరిగిన కోళ్ల పరిశ్రమ యది. 2012లో జట్టు పైశ్రేణి నుండి జారెను. 2017లో మూడవ శ్రేణికి దిగి, మరుసటి యేడు ఒక మెట్టెక్కెను. కోపించిన అభిమానులు 2012లో ఆట నడుమ మైదానములోనికి కోడిని వదలిరి! ఆ కుటుంబము ఏటేటి నష్టమును తన సొమ్ముతో పూడ్చుచు వచ్చినమాటయు నిజమే. పోయు చేయి ఆగినచో నేమగునన్నదే ఆ యూరివారి బెంగ.

ఇట్టి బెంగకు విరుగుడుగా 2013లో ప్రీమియర్ లీగువారు మూడేండ్ల నష్టము 10 కోట్ల 50 లక్షల పౌనులు మించరాదని నియమించిరి. ఈ నియమము మీరినందుకు ఎవర్టను సంఘమునకు 2023 నవంబరులో 10 పాయింట్లు కోసి, అప్పీలుపై 6కు తగ్గించిరి. నేను బడిలో లెక్కలు కూడ చెప్పినవాడను. ఈ లెక్కలో నాకొక చిక్కు కనబడుచున్నది. రాబడిని బట్టి వ్యయము చేయుమనుట మంచిదే. కాని పేరున్న సంఘమునకు రాబడి యెక్కువ. రాబడిగలవానికి మేటి ఆటగాండ్రు దొరకుదురు. వారివలన పేరు మరింత పెరుగును. ఈ నియమము ఆనాడే యున్నచో వాకరు చేయి కట్టివేయబడెడిది. ఇది అప్పును నిలుపునేమో గాని అంతరమును తగ్గింపదు.

క్రింది శ్రేణులలో వెత వేరు. బరీ పట్టణపు సంఘము 1900, 1903లలో దేశపు కప్పును గెలిచినది. 2018లో నొక్క పౌనుకు చేతులు మారి, బాకీలు తీర్చగల నిధి చూపజాలక, 2019 ఆగస్టులో లీగునుండి వెలివేయబడెను. ఇట్టివి చూచియే 2025లో పార్లమెంటు చట్టముచేసి స్వతంత్ర నియంత్రణాధికారిని నెలకొల్పినది. కొనవచ్చినవాని యోగ్యతను పరీక్షించుట, అనుమతిలేక మైదాన మమ్మనీయకుండుట యా యధికారి పనులు. ధర్మకర్త పద్ధతికిది కొంత చేరువ యని నాకు తోచుచున్నది.

బరీవారు మాత్రము చట్టమునకై వేచియుండలేదు. 2023లో అభిమానులు గిగ్ లేను అను తమ పాత మైదానమున మరల ఆట మొదలిడిరి, బహు క్రింది శ్రేణియందు.